సారు వేషంలో అక్క

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. నాకు పెద్ద బాధ్యత అప్పగించమని, జీతం పెంచమని నేను మొట్టమొదట అడిగింది మా యజమానిని కాదు. యజమాని వేషం కట్టుకుని కాగితాల కట్ట మీద కూర్చున్న ఒక ఆడమనిషిని. ఆమె నా మాట చివరిదాకా విన్నది. కళ్లజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, "సరేనమ్మా, ఇచ్చాను పో" అంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అది ఆట అని తెలిసినా ఆ పూటంతా నాకు ఒళ్లు తేలికగా ఉంది. తరువాత వేరే చోట నిజంగానే జీతం పెరిగింది కానీ అంత సంతోషం కలగలేదు.

మొన్న ఆదివారం చైతన్యపురి మలుపులో ఆమెను మళ్లీ చూశాను, ఫ్లెక్సీ మీద. మెట్రో స్తంభాల కోసం రోడ్డు తవ్విపోశారు. ఆ మట్టి పక్కన, రాష్ట్రం వచ్చేస్తోందని కట్టిన పెద్ద పెద్ద ఫ్లెక్సీల మధ్య, కరెంటు స్తంభానికి ఒక చిన్నది వేలాడుతోంది. పైన "శ్రద్ధాంజలి" అని. ఆమె ముఖాన్ని ఎవరో కంప్యూటర్లో తెల్లగా చేశారు. వెనక గులాబీ రంగు. కింద బంధువుల ఫొటోలన్నీ కలిపి ఆమె ఫొటో కంటే ఎక్కువ చోటు ఆక్రమించాయి. నవ్వని ఆమె ముఖం నేను చూసింది తక్కువ కాబట్టి ముందు గుర్తుపట్టలేదు. కళ్లజోడు చూసి ఆగాను. పేరు చదివాను. ఆ పేరు ఇక్కడ రాయను. అటెండరు దగ్గర్నుంచి తెల్లజుట్టు లెక్చరర్ల దాకా మా ఆఫీసులో ఆమెను పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ అక్కే.

పక్కన కొబ్బరిబోండాలు కొడుతున్నతను, "మీకు ఎరుకనా అమ్మా?" అని అడిగాడు. "ఒకచోట పనిచేశాం" అన్నాను. 

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, చెప్పుల దుకాణం పైన రెండంతస్తుల్లో ఉండేది మా కోచింగ్ సెంటర్. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ శిక్షణ ఇచ్చేవారు. నేను మెటీరియల్ సెక్షన్‌లో ఉండేదాన్ని. లెక్చరర్లు చెప్పిన పాఠాలకు బిట్లు రాయడం నా పని. ఒక ప్రశ్న, కింద నాలుగు జవాబులు. ఒకటే నిజం, తక్కిన మూడూ నిజంలా కనిపించాలి. పుస్తకాలు చదివే అలవాటు వల్ల ఆ పని నాకు తొందరగానే పట్టుబడింది. అచ్చులో మాత్రం లెక్చరర్ల పేర్లే ఉండేవి.

అక్క కింద కౌంటర్ దగ్గర ఆఫీసు చూసుకునేది. యాభైకి దగ్గర పడిన మనిషి. హయత్‌నగర్ దాటి ఇంకా లోపల ఉన్న ఊరి నుంచి రోజూ వచ్చేది. ఎల్‌బీ నగర్‌లో దిగి బస్సు మారాలి. వచ్చీరాగానే చెప్పులు విడిచి, కాళ్లు కుర్చీ మీదికి మడిచి పెట్టుకుని, "ఏంది పిల్లా, ముఖం గట్ల పెట్టినవ్? పొద్దుగాల ఏం తిన్నవ్?" అని మొదలుపెట్టేది. ఏం తిన్నామో చెబితే అది తిండి కాదనేది. ఏమీ తినలేదంటే తన డబ్బా మూత తీసేది. సీతాఫలాల కాలంలో ఆమె టేబుల్ సొరుగు నిండా, పాత ప్రశ్నపత్రాల మధ్య కాయలు పండుతుండేవి. ఫీజు కట్టడానికి వచ్చినవాళ్లు ఆ వాసనకు అటూ ఇటూ చూసేవాళ్లు.

బంద్ రోజుల్లో అక్కను చూడాలి. ఆ రోజుల్లో బంద్‌లకు కొదవ లేదు. బంద్ అన్నా క్లాసులు ఆపడానికి మా యజమాని సారుకు మనసొప్పేది కాదు. ఫీజు కట్టి హాస్టళ్లలో ఉన్న పిల్లలకూ ఒప్పేది కాదు. మెట్ల దగ్గర షట్టరు సగం దించి, తెల్లారకముందే వచ్చిన పిల్లల్ని లోపల కూర్చోబెట్టి క్లాసు నడిపేవారు. బయట షట్టరు ముందు స్టూలు వేసుకుని, ఒడిలో చాట పెట్టుకుని, అక్క చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండేది. భుజాన కండువాలు, చేతిలో జెండాలు ఉన్న కుర్రాళ్లు బండ్ల మీద వచ్చి ఆగేవాళ్లు.

"లోపల క్లాసులు నడుస్తున్నయంట గదా అక్కా?"

"ఏం క్లాసులు కొడుకా? బంద్ నాడు క్లాసులేంది? పని లేక కూరగాయలు ముందట వేస్కొని కూసున్న, కనవడ్తలేదా?" అని, ఇంకా గట్టిగా, "జై తెలంగాణ!" అనేది.

ఆ నినాదమే లోపలివాళ్లకు సైగ. అది వినగానే పాలిటీ పాఠం చెప్పే లెక్చరరు నోరు మూసుకునేవారు. గది నిండా ఉన్న పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్లు. బయటి కుర్రాళ్లు కూడా "జై తెలంగాణ" అని వెళ్లిపోయేవాళ్లు. అక్క దగ్గగానే క్లాసు మళ్లీ మొదలయ్యేది. ఒకసారి అలా ఆగిపోయిన పాఠం, కొత్త రాష్ట్రాలు ఏర్పడే పద్ధతి గురించి. దాని మీద బిట్లు రాసింది నేనే.

అలాగని ఆమె నినాదం ఉత్తది కాదు. సాయంత్రం అవే చిక్కుడుకాయలు సంచిలో వేసుకుని ఎల్‌బీ నగర్ చౌరస్తాకు పోయేది. అక్కడ రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లలో ఆమె ఉండేది. దీక్షా శిబిరంలో కూర్చునేది. ఎండకు ముఖం నల్లబడి, గొంతు పోయి మర్నాడు వచ్చేది. "మా రాష్ట్రం మాకొస్తె నీకేం నష్టమే? నువ్వు ఈడనే ఉంటవ్, నేనీడనే ఉంట" అని నాతో అనేది. మా వాళ్లది కృష్ణా జిల్లా అని ఆమెకు తెలుసు. నేను పుట్టింది మలక్‌పేటలోనని కూడా తెలుసు.

ఇక సారు వేషం సంగతి.

మా సారు తెనాలి వైపు మనిషి. పై అంతస్తులో ఏసీ గదిలో కూర్చునేవారు. ఆ చలికి మండు వేసవిలో కూడా చేతుల్లేని స్వెట్టరు వేసుకునేవారు. ఎవరికైనా లేదని చెప్పేముందు కళ్లజోడు తీసి తుడుచుకోవడం ఆయన అలవాటు. తుడవడం మొదలుపెట్టారంటే పని కాలేదని అర్థం. ఆయన గదిలోకి వెళ్లి జీతం సంగతి ఎత్తాలంటే మాకు వణుకు. అందుకని అక్క మాకు తర్ఫీదు ఇచ్చేది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, మెటీరియల్ కట్టలు పేర్చిన స్టోరు గదిలో ఒక కట్ట మీద కూర్చుని, కొంగును స్వెట్టరులా ఛాతీకి బిగించి కట్టుకునేది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చేది. అంతే, సారు వచ్చేసేవారు. తెలంగాణ యాస మాయమై తెనాలి మాట ఊడిపడేది.

"చూడమ్మా, మనది కుటుంబంలాంటి సంస్థ. కుటుంబంలో ఎవరన్నా జీతం అడుగుతారా?"

అకౌంట్లు చూసే యాదగిరి వంతు వచ్చిన రోజు నవ్వలేక చచ్చాం. యాదగిరిది అక్క పక్క ఊరే. చేతులు కట్టుకుని నిలబడి, "సార్, జర నా జీతం..." అనగానే అక్క అందుకుంది.

"ఏమయ్యా యాదగిరీ, నెలలో సగం రోజులు బంద్‌లే కదా. ముందు మీవాళ్లని బంద్‌లు ఆపమనవయ్యా. ఆపిన మర్నాడే పెంచుతాను."

యాదగిరి అది ఆటని మర్చిపోయాడు. "బంద్‌లు నేను పెట్టిన్నా సార్?" అని ఎగిరాడు.

అక్క కళ్లజోడు తీసేసి తన గొంతులోకి వచ్చింది. "గట్ల మాటకు మాట అంటే నీ జీతం గీడనే ఉంటది. తల ఊపు, నవ్వు, మల్ల గదే మాట అడుగు. ఆయన నూరు మాటలు మాట్లాడనీ, నీది ఒకటే మాట."

ఎల్‌బీ నగర్‌లో కొత్త బ్రాంచి తెరుస్తారని తెలిసినప్పుడు నా వంతు వచ్చింది. అక్కడ మెటీరియల్ అంతా చూసుకోవడానికి ఒక ఇన్‌ఛార్జి కావాలి. విడిగా గది. జీతం ఎక్కువ. పుస్తకాల మీద పేరు కూడా వేస్తారని ఎవరో అన్నారు.

"నువ్వడుగు" అంది అక్క.

"నేనా?"

"మరి నేనా? బిట్లు రాసేది ఎవలు? అడగంది అమ్మ గూడ పెట్టదంటరు గని ఉత్త మాట. అమ్మ అడగకున్నా పెడ్తది. సారు అమ్మ గాదు. లే, నిలబడు."

నిలబడ్డాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఎవలకు చెప్తున్నవ్? నీ చెప్పులకా? జర తల లేపు."

రోజుల తరబడి నన్ను నిలబెట్టింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, చున్నీ కొస ఎందుకు నలపకూడదో చెప్పింది. చివరికి నా అభ్యర్థననంతా మూడు ముక్కల్లోకి కుదించింది. ఏం చేస్తున్నానో ఒక మాట. ఏం కావాలో ఒక మాట.

"మూడోది మాట గాదు బిడ్డా. ఊకుండుడు. అడిగినంక నోరు మూస్కో. ఏసీ సప్పుడు ఇనుకుంట కూసో. ఎవలు ముందు మాట్లాడితే ఆళ్లు ఓడినట్టు. మిగతాళ్లకు అట్ల ఊకుండుడు రాదు. నీకు పుట్టుకతోనే ఒచ్చింది. గదే నీ బలం."

నేను మాట్లాడకపోవడాన్ని ఇంట్లో మొద్దుతనమన్నారు, కాలేజీలో పొగరన్నారు. దాన్ని బలమన్న మొదటి మనిషి ఆమె. ఆ మాటతో నేను ఆమె మనిషినైపోయాను.

నాకు ఆ ఉద్యోగం ఎందుకంత అవసరమో కూడా ఆమెకొక్కదానికే తెలుసు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎదురు సందులో నాన్నకు మ్యాచింగ్ సెంటర్ ఉండేది. జాకెట్ ముక్కలు, ఫాల్స్ అమ్మేవాడు. బంద్‌లకు దుకాణం తెరవడమే గగనమైంది. తెరిచినా చీర పట్టుకుని రంగు వెతుక్కుంటూ వచ్చే ఆడవాళ్లు తగ్గిపోయారు. పైగా విజయవాడ నుంచి బాబాయి ఫోన్లు. "ఇంకా అక్కడే ఉన్నారా? రేపు ఏమవుతుందో ఎవరికి తెలుసు? వచ్చేయండి, ఇక్కడ గవర్నర్‌పేటలో షాపు ఇప్పిస్తాను." అమ్మ సగం మనసు ఎప్పుడో వెళ్లిపోయింది. నాన్న ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని తేల్చాడు. "అమ్మాయి ఉద్యోగం గట్టిపడితే ఉందాం. ఆ జీతంతో ఈ కష్టకాలం గడుపుదాం. లేకపోతే దసరాకి వెళ్లిపోదాం."

విజయవాడ నాకు వేసవి సెలవుల ఊరు. అక్కడ నేను "పరేషాన్" అంటే పిన్ని పిల్లలు నవ్వుతారు. నా లైబ్రరీ, నా సందులు, సాయంత్రం పూట చెరుకురసం బండి దగ్గర నిలబడి పాత పుస్తకాలు తిరగేసే చోటు, అన్నీ ఇక్కడే. వెళ్లిపోవడమంటే నాకు తిరిగి వెళ్లడం కాదు, కొత్తగా వలస పోవడం. ఈ మాటలన్నీ ఒక మధ్యాహ్నం అక్కకు చెప్పాను. అంతకుముందు ఎవరితోనూ నేను అంతసేపు మాట్లాడలేదు. ఆమె సీతాఫలం విప్పి సగం నా చేతిలో పెట్టి, గింజలు కాగితంలో ఊస్తూ విన్నది.

"నువ్వెందుకు పోతవే? పుట్టింది ఈడ గాదా? ఎవడు పొమ్మంటడో రానీ, నేను చూస్తా." ఇంకో గింజ ఊసి గొంతు తగ్గించింది. "గని ఈ ముచ్చట సారు చెవిల పడొద్దు. పొయ్యేటోళ్లకు ఎవ్వరు కుర్చీ వెయ్యరు. ఎవ్వరికి చెప్పకు."

ఆ రోజుల్లో మాబోటి ఇళ్లన్నింటిలోనూ ఇదే చర్చ. ఏ ఇల్లూ దాన్ని గడప దాటించేది కాదు. నేను దాటించాను.

రోజు కూడా ఆమే ఎంచింది. "రేపు గురువారం. సారు గుడికి పోయొచ్చి సల్లగుంటడు. టిఫిన్ అయినంక పో. చేతుల ఏం పట్టుకోకు, కాయిదం కనవడితె పని చెప్తడు."

వెళ్లాను. సారు నుదుటన విభూతి ఉంది. "రా అమ్మా, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. తలెత్తాను. మొదటి మాట చెప్పాను. రెండో మాట చెప్పాను. గొంతు పూర్తిగా నాదే. స్టోరు గదిలో కంటే బాగా చెప్పానని నాకే తెలుస్తోంది. తరువాత నోరు మూసుకుని ఏసీ చప్పుడు వింటూ కూర్చున్నాను.

సారు కుర్చీలో వెనక్కి వాలారు. చిన్నగా నవ్వారు. "ఇప్పుడు నువ్వు ఊరుకోవాలి కదమ్మా?" అన్నారు. "ఊరుకో. నేనూ ఊరుకుంటాను. ఎవరు ముందు మాట్లాడతారో చూద్దాం."

నిజంగానే ఊరుకున్నారు. గోడ మీద దేవుడి పటం వైపు చూస్తూ, వేళ్లతో బల్ల మీద తాళం వేస్తూ కూర్చున్నారు.  నలపొద్దన్న చున్నీ కొస ఎప్పుడో నా చేతిలోకి వచ్చేసింది. ఏం జరుగుతోందో బుద్ధికి అందేలోపే ఒంటికి అర్థమైపోయింది.

"సర్లే, నాకు పనుంది, నేనే ఓడిపోతాను" అన్నారు చివరికి. "మీ నాన్నగారు దసరాకి విజయవాడ వెళ్లిపోతున్నారటగా?"

"ఇంకా ఏమీ అనుకోలేదు సార్. ఈ ఉద్యోగం వస్తే ఉంటాం సార్."

"చూడమ్మా, మనవాళ్లం కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లోనూ ఇదే గొడవ. నేనే ఎటూ తేల్చుకోలేకుండా ఉన్నాను. నువ్వు ఒక కాలు బస్సులో పెట్టి కొత్త బ్రాంచి చూస్తానంటే ఎలాగమ్మా?" అంటూ కళ్లజోడు తీసి తుడవసాగారు. "మనది కుటుంబంలాంటి సంస్థ. నీ సంగతి నేను మర్చిపోతానా?"

ఆ గొంతు నాకు అచ్చం అక్క గొంతులా వినిపించింది. ఆయనే ఆమెను అనుకరిస్తున్నారేమో అనిపించింది ఒక్క క్షణం.

కిందికి దిగేసరికి అక్క కౌంటర్ వెనక నుంచి కళ్లెగరేసి "ఏమైంది?" అని సైగ చేసింది. "చూద్దామన్నారు అక్కా" అన్నాను. "చూస్తడు తియ్యి, పరేషాన్ గాకు" అని తన డబ్బా మూత తీసింది. బెండకాయ వేపుడు. నేను తిన్నాను. ఆ రోజు నాకు అన్నిటికంటే అవమానంగా ఉన్నది అదే, ఆమె పెట్టింది తిన్నాననేది.

అప్పటికీ పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. సారుకు ఇంకెవరన్నా చెప్పారేమో, నాన్న దుకాణం దగ్గర విన్నారేమో అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఊరుకోవడం సంగతి? అది స్టోరు గదిలో పుట్టిన మాట. యాదగిరి దాన్ని తేల్చేశాడు. కొన్నాళ్లకు అతనూ పైకి వెళ్లొచ్చి, మెట్ల మీదే చేతులు తిప్పుతూ చెప్పాడు.

"మావోళ్లను బంద్‌లు ఆపమన్నడే! ఆపిన మర్నాడే పెంచుతడంట! ఒక్క మాట పొల్లు పోలే, అక్క అన్నట్టే అన్నడు. ఏం చదివినవ్ అక్కా ఆయన్ని! నీకు దండం!"

అందరూ నవ్వారు. అక్క కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆమె సారు మనసు చదివేసిందని మెచ్చుకున్నారు. నేను టైపు కాగితాల వెనక తల దించుకున్నాను. కింద మాకు సారును ఆడి చూపించేది. పైన సారుకు మమ్మల్ని ఆడి చూపించేది. అంత సులువైన సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. నన్ను ఎలా ఆడి ఉంటుంది? తల వంచుకుని, చెప్పులతో మాట్లాడుతూ, చున్నీ బదులు కొంగు కొస నలుపుతూ... సారు పొట్ట పట్టుకుని నవ్వి ఉంటారు. బాగానే ఆడి ఉంటుంది. ఆమెకు వచ్చిన విద్య మామూలుది కాదు.

షట్టరు ముందు చాట పట్టుకుని ఆ కుర్రాళ్లకు చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. అది మా తరఫున ఆడినంతకాలం దాన్ని మేం తెలివి అన్నాం.

ఎల్‌బీ నగర్ బ్రాంచికి అక్క వెళ్లింది. మెటీరియలూ ఆఫీసూ రెండూ ఆమే చూసుకుంటుందన్నారు. బిట్లు నేనే రాసి పంపాలి. అందరికీ దూద్‌పేడ పంచుతూ, "ఇంటికి దగ్గరైతది, ఒక బస్సు తప్పుతది" అంది. అంతమందికి అడగడం నేర్పిన మనిషి, తను అడగడం మాలో ఎవరూ చూడలేదు.

ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, చెబితే అది నా మాటగా మిగలదు. అమ్మకు చెబితే "వాళ్లంతే, ఎంత కలిసిపోయినా అంతే" అంటుంది, మర్నాడే సామాన్లు సర్దుతుంది. ఆఫీసులో చెబితే "ఆంధ్ర పిల్లకు మా అక్క మీద కుళ్లు" అంటారు. ఆ రోజుల్లో ఒక మనిషి ఒక మనిషికి చేసిన ద్రోహానికి చోటు లేదు. ప్రతి ద్రోహానికీ ఒక ప్రాంతం ఉండాలి. నాకు అన్యాయం చేసింది ఏ ప్రాంతమూ కాదు. నా అరచేతిలో సీతాఫలం పెట్టి, నా మాట పూర్తిగా విన్న ఒక మనిషి. నన్ను కాదన్న సారు మా వైపువాడే. యాదగిరి ఆమె పక్క ఊరివాడే. ఈ మూడూ కలిపి వినే ఓపిక అప్పుడు ఎవరికీ లేదు. అందుకని ఆమె చెప్పిన బలమే వాడుకున్నాను, ఊరుకున్నాను.

దసరాకు మా ఇల్లు ఖాళీ అయింది. నాన్న మిగిలిన జాకెట్ ముక్కలు మూటలు కట్టి, సామాన్లతో పాటు డీసీఎం వ్యానులో పంపించాడు. దూరవిద్యలో ఎంఏ పరీక్షలు ఉన్నాయని పట్టుబట్టి నేను ఉండిపోయాను. పుట్టిన ఊళ్లో హాస్టల్లో చేరాను, చైతన్యపురిలో, వేరే జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయిల మధ్య. "మీది ఏ ఊరు?" అని వాళ్లు అడిగితే "ఇదే" అంటే నమ్మేవాళ్లు కాదు.

అమ్మానాన్నలను విజయవాడ బస్సు ఎక్కించడానికి ఎల్‌బీ నగర్ వెళ్లాను. సాయంకాలం. అమ్మ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని బస్సు కదిలేదాకా వదల్లేదు. బస్సు పోయాక అక్కడే నిలబడిపోయాను. అవతల పల్లె బస్సులు ఆగే చోట, కొత్త చేతిసంచి భుజానికి తగిలించుకుని అక్క ఉంది. నన్ను చూసి ఆమే వచ్చింది.

"ఎవలను ఎక్కించినవ్ బిడ్డా?"

"అమ్మానాన్నల్ని."

 ఆమె రోడ్డు వైపు చూసింది. ఎవరూ నేర్పకుండా నేను మునుపెన్నడూ ఎవరినీ సూటిగా ఏమీ అడగలేదు. ఆ రోజు అడిగాను.

"విజయవాడ సంగతి సారుకు మీరే చెప్పారా అక్కా?"

కాదంటుందని ఎదురుచూశాను. కాదంటే బాగుండునని కూడా అనుకున్నాను.

"చెప్పిన" అంది.

"ఎవ్వరికీ చెప్పొద్దని మీరే అన్నారు కదా."

"అన్న." సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "పొద్దుగాల పైకి పోంగనె ఆయన అడుగుతడు. కింద ఏం ముచ్చట, ఎవలేమంటున్నరు అని. ఎన్నేండ్లసంది అడుగుతుండు. చెప్తెనే నేను గా కుర్చీల ఉన్న. రోజు ఏదో ఒకటి చెప్పాలె గదా పిల్లా. ఒకనాడు యాదగిరిది. ఒకనాడు నీది."

"మరి మాకెందుకు నేర్పించారు?"

ఈసారి నా వైపు తిరిగింది. ఆమెకు కోపం వచ్చింది. నిజమైన కోపం, అన్యాయంగా నింద పడ్డవాళ్లకు వచ్చేలాంటిది. "అది ఉత్తదనుకున్నవా? నేర్పింది నిజం గాదా? తిండి మాని నేర్పిన. ఈ సెంటర్ల నీకు ఇంకెవరన్న గంత నేర్పిండ్రా?"

 ఎవరూ నేర్పలేదన్న మాట నిజం.

ఆమె ఊరి బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. మోచేతులతో దారి చేసుకుని ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. నేను కదలకుండా చూస్తున్నాను. కండక్టరు రైట్ అన్నాడు. అప్పుడామె అద్దం పక్కకు నెట్టి, తల బయటపెట్టి, మొదటిసారి నన్ను చూసిన రోజులాగే నవ్వుతూ అరిచింది.

"సారు మెచ్చుకున్నడే నిన్ను! మంచిగ అడిగినవంట!"